కొండదారిన కావడి

విపత్తు వచ్చినపుడు మైదానమునందలి వారికి సాయము రైలుమీదనో లారీమీదనో చేరును. కొండమీది వారికి అది మనిషి భుజముమీదనే చేరవలెను. ఈ చిన్న భేదములో పెద్ద చరిత్ర ఇమిడియున్నది. శ్రీకాకుళ విజయనగర మండలముల కొండలను ఆధారముగా గైకొని ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

భూకంపము మన సీమ బొత్తిగా ఎరుగనిది కాదు. 1917 ఏప్రిల్ 17వ తేదీన విజయనగర ప్రాంతమున భూమి కంపించినది. దాని పరిమాణము సుమారు 5.5 అని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. అయినను మన తూర్పు కనుమలు హిమాలయములవలె నేటికిని పెరుగుచున్న కొండలు కావు. అతి ప్రాచీనమైన శిలలు. అందుచేత ఇచట పెద్ద భూకంపములు అరుదు. మన కొండలకు కరవు, తుపాను, వరదలే భూకంపములు. కారణమేదైనను దారి తెగిన తరువాత కలుగు కష్టము ఒక్కటియే.

1866వ సంవత్సరపు క్షామమును తలచుకొందము. నాడు శ్రీకాకుళ ప్రాంతము గంజాము జిల్లాలో చేరియుండెను. ఆ క్షామమున ఒరిస్సాలో సుమారు పది లక్షలమంది, అనగా మువ్వురిలో ఒకరు, మరణించిరని అంచనా. దేశమున బియ్యము లేకపోలేదు. ప్రభుత్వము ధాన్యమును తెప్పించుటకు ఆలస్యము చేసెను. తెప్పింప బూనునప్పటికి వర్షకాలము వచ్చెను. ఓడలు తీరము చేరలేకపోయెను. బాటలు బురదలో మునిగెను. ధాన్యమునకును ఆకలికిని నడుమ దారి లేకపోవుటయే ఆ ఘోరమునకు ముఖ్యకారణము. ఇట్టి క్షామముల అనుభవముల నుండి 1880లో క్షామ కమిషన్ నివేదికయు, 1883లో క్షామ నియమావళియు పుట్టినవి.

పిమ్మట రైలు వచ్చెను. 1893కును 1896కును మధ్య కోస్తా రైలుమార్గము పూర్తియయ్యెను. 1900లో నౌపడా నుండి పర్లాకిమిడికి చిన్న రైలు నడిచెను. 1908-09లో విజయనగరము నుండి పార్వతీపురమునకు మార్గము తెరచిరి. ధాన్యపు బస్తా కొండ పాదమువరకు సులభముగా రాజొచ్చెను. కాని రైలు అచటనే ఆగెను. ఆపైన సవరల, జాతాపుల గూడెములకు కాలిబాటయే గతి. చోడి, సామ, కంది పండించుకొనువారు పంట పోయిననాడు అడవి దుంపలతోను, మామిడి టెంక పిండితో కాచిన అంబలితోను కడుపు నింపుకొనిరి. వారి ఆకలి కొండ దిగి కచేరీ దాక వచ్చినగాని మైదానమున ఎవరికిని తెలియలేదు.

తెలియుటకు దారి మాత్రమే చాలదు, భాషయు కావలెను. ఈ సంగతిని ముందుగా గ్రహించిన మహనీయుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీముఖలింగ క్షేత్ర సమీపమున జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన పంతులుగారు సవర భాషను నేర్చి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టిరి. కొండలలో తిరుగుటచే మలేరియా సోకెను. అందుకై పుచ్చుకొన్న క్వినైను వారి వినికిడిని హరించెను. ఇతరుల మాట వినుటకై కొండలెక్కినవారికి చెవులే పోయినవి! అయినను వారు పని విడువలేదు. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. కొండకు సాయము మోయదలచిన ప్రతివానికిని వారు తొలి గురువులని మేము భావించుచున్నాము.

ఇక ఇటీవలి కాలమునకు వత్తము. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. దసరా నవరాత్రుల రోజులవి. గంటకు 140 కిలోమీటర్లను మించిన గాలికి ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలు కూలినవి. విద్యుత్ స్తంభములు వేలకొలది నేలకొరిగినవి. వంశధార, మహేంద్రతనయ, బాహుదా పొంగినవి. సరిహద్దు కావల గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి, వానకు తలదాచుకొన్నవారు పదిమందికి పైగా మరణించిరి. తుపాను తీరమునకే శత్రువని తలచెడివారికి అది కొండకును శత్రువే యని నాడు తెలిసినది.

ఇట్టి వార్త రేడియోలో వినగానే పాత బట్టలు మూటగట్టి పంపుట మన గృహస్థులకు అలవాటు. ఆ దయ గొప్పది. కాని 2004 సునామీ తరువాత తమిళనాట అట్టి బట్టలు దారుల వెంట గుట్టలై పడియుండెను. బండి ఆగుటకు వీలున్న ఊరికే సాయము పదేపదే చేరును; బండి ఎక్కలేని గూడెము ఎదురుచూచుచుండును. ఇది ఎవరి దుర్బుద్ధియు కాదు. దారి చేయు పక్షపాతము. దానిని సరిదిద్దవలసినవాడు స్వచ్ఛంద సేవకుడు.

ఎట్లు సరిదిద్దవలెను? నేపాళము ఒక పాఠము చెప్పినది. 2015 ఏప్రిల్ 25న 7.8 పరిమాణముగల భూకంపము గోర్ఖా ప్రాంతమున పుట్టి, దాదాపు తొమ్మిదివేలమందిని బలిగొనెను. దేశదేశముల సామగ్రి ఖాట్మండు చేరెను. రన్‌వే దెబ్బతినుటచే మే 3 నుండి పెద్ద విమానములను దిగనీయలేదు. కొండబాటలు చరియలక్రింద మూసికొనిపోయెను. అపుడు ప్రపంచ ఆహార కార్యక్రమమువారు యాత్రికులు రాక పని కోల్పోయిన కొండకూలీలను వేలసంఖ్యలో పిలిచి, కూలి యిచ్చి, బాటలు బాగుచేయించి, బియ్యమును, కప్పు రేకులను మోయించిరి. మోసినవారికి కూలి, ఎదురుచూచినవారికి కూడు, రెండును సాయమే అయ్యెను.

ఈ పాఠము మన కొండలకును చెల్లును. మనవారు మొదట సంతకు పోవలెను. వారమునకొకసారి గూడెములన్నియు దిగివచ్చు చోటు అదియే. ఏ బాట తెగినదో, ఏ ఇంట గింజ లేదో అచట తెలియును. దారి చూపుటకును, మూట మోయుటకును కొండవారినే కూలికి పిలువవలెను. బియ్యముతో పాటు ఉప్పు, దుప్పటి, అగ్గిపెట్టె, టార్పాలిన్ కొనిపోవలెను. తొలకరికి ముందు చోడి, సామ విత్తనములను అందింపవలెను. విత్తనము లేనివానికి ఈ యేటి కష్టము పైయేటికిని సాగును.

కావడికి రెండు బుట్టలుండును. ఒకదానిలో గింజలు, రెండవదానిలో కొండవాని మాట. ఒకటే నింపిన కావడి భుజముమీద నిలువదు. 1866లో గింజ ఆలస్యమాయెను. ఆ తరువాత పెక్కుమారులు మాట వినుట ఆలస్యమైనది. ఈసారి విపత్తు వచ్చినపుడు ఈ రెండింటిని కలిపి మోయగలిగినచో, కొండ పాదమున ఆగిన చరిత్ర కొంత పైకి నడచినట్లగును.