మా అమ్మమ్మ వయసు ఎంత?

మా అమ్మమ్మ 2016లో పోయింది. కార్డులో ఆమె పుట్టిన తేదీ 1-1-1948. ఆ లెక్కన 68 ఏళ్లు. కానీ 1940లో జోడేఘాట్ కొండల్లో కొమురం భీం నేలకొరిగిన నాటి సంగతులు ఆమె కళ్లకు కట్టినట్టు చెప్పేది. పుట్టక ముందు జరిగినవి ఎవరికైనా గుర్తుంటాయా?

గోండిలో అమ్మమ్మను కాకో అంటాం. కాకోకు సంవత్సరాల అంకెలు తెలియవు. "భీం పోయిన ఏడు నేను దూడలు కాస్తున్నా. పోలీసులొస్తున్నారని అమ్మ మమ్మల్ని అడవిలోకి తీసుకపోయింది. మూడు రాత్రులు నిప్పు రాజెయ్యలేదు" అనేది. దూడలు కాసే పిల్లంటే ఎనిమిదేళ్లయినా ఉండాలి. అంటే ఆమె పుట్టింది 1932 ప్రాంతంలో.

భీం పోరాటం తర్వాత గోండుల కష్టాలకు కారణాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో బడి, ఉపాధ్యాయుల శిక్షణ మొదలయ్యాయి. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. అమ్మమ్మ వాళ్లన్న ఆ చదువు చదివాడు. "నువ్వెందుకు పోలేదు కాకో?" అంటే, "దూడలకు బడి లేదు కదరా" అని నవ్వేది.

తర్వాతి ఏళ్లలో గోండులకు భూమి పట్టాలు అందాయి. పట్టా వచ్చిన ఇంటికే ఆమెను కోడలిగా ఇచ్చారు. అది మెస్రం వారి ఇల్లు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ జాతరలో తెల్లబట్ట కట్టుకుని, పెద్దల వెంట నాగోబా ముందు నిలబడింది. కొత్త కోడళ్లను దేవుడికి చూపే ఆ ఆచారాన్ని భేటింగ్ అంటారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగేనాటికి మా పెద్దమ్మ ఆమె ఒళ్లో పాలు తాగుతోంది. కార్డు ప్రకారమైతే ఆ ఏడే అమ్మమ్మ పుట్టింది!

రోడ్లు పడ్డాక బయటివాళ్లు వచ్చారు. పత్తి విత్తనాల అప్పు కింద తాత ఐదెకరాలు ఒక షావుకారి చేతిలో పెట్టాడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వర్తించింది. 1970లో దాన్ని సవరించి గట్టి చేశారు. అదే మనం చెప్పుకునే 1/70. దాని కింద కేసు నడిస్తే రెండెకరాలు తిరిగొచ్చాయి, మూడు పోయాయి. ఆ రెండైనా రావడానికి కారణం అమ్మమ్మే. చదవలేని ఆ పట్టా కాగితాన్ని వెదురు గొట్టంలో పెట్టి, ఇంటికప్పులో దాచి ఉంచింది.

1981 ఏప్రిల్ 20 సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. ఆమె ఇప్పపువ్వు గంప నెత్తిన పెట్టుకుని సంతకు పోయింది. కాల్పులు మొదలయ్యాక గంప వదిలేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరింది. చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత కూడా ఆ గంప గురించే చెప్పేది గానీ, చూసినదాని గురించి చెప్పేది కాదు.

2010లో వృద్ధాప్య పింఛనుకు పోతే కార్డులో 65 నిండలేదన్నారు. నేను ఆమె ముందు కూర్చుని భీం పోరాటం, మార్లవాయి బడి, పట్టా, భేటింగ్, పోలీసు చర్య అన్నీ వరుసగా రాసి, పక్కన సంవత్సరాలు వేసి తీసుకెళ్లాను. "కాగితం ఉందా?" అన్నారు. మూడేళ్ల తర్వాత, కార్డు లెక్క నిండాకే పింఛను వచ్చింది.

పోయింది నెలకు 200 రూపాయలే అనుకున్నాను మొదట. తర్వాత అర్థమైంది, కొట్టేసింది పదహారేళ్ల బతుకును. అడవిలో దాక్కున్న రాత్రులు, కాసిన దూడలు, పెళ్లి, నాగోబా ముందు నిలబడిన రోజు, అన్నీ ఆ పదహారేళ్లలోనే ఉన్నాయి. అవి లేకపోతే మన జిల్లా చరిత్రలో ఆమెకు చోటే లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఇంట్లో ముసలవ్వ ఉంటే వయసెంతని అడగకండి. భీం పోయినప్పుడు మీ అమ్మ ఎక్కడుండేది, ఇంద్రవెల్లి నాడు నువ్వేం చేస్తున్నావ్, ఏ కరువులో ఏం తిన్నారు అని అడగండి. తోటి ఉపాధ్యాయులకూ ఒక మాట. ఈ పనిని పిల్లలకు సెలవుల్లో ఇవ్వండి. గోండిలో చెప్పింది గోండిలోనే రాయనివ్వండి.

అమ్మమ్మ సమాధి దగ్గర ప్రధాన్ కీక్రి వాయించాడు. ఆ రాత్రి నా నోటుపుస్తకంలో రాసుకున్నాను: వయసు 84.