డిజైనర్ల వృత్తిజీవితం: సృజనకు బోధన ఇచ్చిన ఆధారం

పుస్తకానికి ముఖచిత్రం, బ్యాంకుకు చిహ్నం, లిపికి ఫాంటు వంటివి తయారైన తర్వాత అందరికీ కనిపిస్తాయి. వాటిని గీసినవారు ముప్పై, నలభై ఏళ్లపాటు ఆ పనిలో ఎలా నిలదొక్కుకున్నారన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాదు. డిజైన్ రంగంలో పని ఎడతెగకుండా రాదు. ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యేలోపు నెలలు గడిచిపోతాయి. కొన్ని పనులు పూర్తికావడానికి ఏళ్లు పడతాయి. అన్నేళ్లూ డబ్బు చెల్లించేవారు దొరకడం అరుదు. స్వతంత్ర భారతదేశంలో ఈ వృత్తిలో దీర్ఘకాలం కొనసాగినవారిలో చాలామంది ఏదో ఒక దశలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. వారికి బోధన అదనపు ఆదాయం మాత్రమే కాదు. మార్కెట్ విలువ కట్టని నిదానమైన పనికి తగిన సమయాన్ని సమకూర్చిన ఏర్పాటు కూడా అదే.

విద్యాసంస్థల ఆవిర్భావం

అమెరికన్ డిజైనర్లు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ భారత ప్రభుత్వ ఆహ్వానంపై దేశంలో పర్యటించి 1958లో ‘ఇండియా రిపోర్ట్’ పేరుతో ఒక నివేదిక సమర్పించారు. ఇంటింటా వాడే చెంబును అందులో వారు ఉత్తమ రూపకల్పనకు ఉదాహరణగా చూపారు. ఫలానా వ్యక్తి తయారుచేశాడని చెప్పలేని ఆ వస్తువు ఎన్నో తరాల వాడకంలో ఆ ఆకారానికి వచ్చిందని వారి అభిప్రాయం. ఆ నివేదిక ప్రేరణతో 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఏర్పడింది. తొలి దశలో గౌతమ్ సారాభాయ్, గీరా సారాభాయ్ దానికి దిశానిర్దేశం చేశారు. 1969లో ఐఐటీ బాంబేలో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ మొదలైంది.

డిజైన్ పాఠాలు చెప్పేందుకు డిజైన్ చదివినవారు దేశంలో అప్పటికి దాదాపు లేరు. తొలి అధ్యాపకులు బోధిస్తూనే నేర్చుకోవలసి వచ్చింది. మద్రాసు కళాశాలలో చిత్రకళ అభ్యసించిన దశరథ్ పటేల్ ఎన్‌ఐడీ తొలి ఉపాధ్యాయుల్లో ఒకరు. చిత్రలేఖనం, మట్టిపాత్రల తయారీ, ఛాయాగ్రహణం, ప్రదర్శనల రూపకల్పన అన్నిటిలోనూ ఆయన కృషి చేశారు. ఆ సంస్థను వీడిన తర్వాత వారణాసి సమీపంలోని సేవాపురిలో గ్రామీణ డిజైన్ బోధనకు పూనుకున్నారు.

అధ్యాపకులు సంస్థలోనే ఉంటూ బయటి పనులు చేపట్టడం అప్పుడే అలవాటుగా మారింది. భారతీయ స్టేట్ బ్యాంకు గుండ్రని నీలి చిహ్నం 1971లో ఎన్‌ఐడీలో రూపొందింది. దాన్ని గీసినవారు శేఖర్ కామత్. ఈ పద్ధతివల్ల అధ్యాపకుడికి నెలజీతం, సంస్థకు రాబడి, విద్యార్థికి అసలైన పని జరిగే తీరును దగ్గరనుంచి చూసే అవకాశం కలిగాయి.

ఆర్.కె. జోషీ: ప్రకటనల నుంచి లిపుల వరకు

ఈ క్రమాన్ని ఒకే జీవితంలో చూడాలంటే రఘునాథ్ కృష్ణ జోషీని (1936–2008) పరిశీలించవచ్చు. ముంబైలోని జె.జె. కళాసంస్థలో చదివిన జోషీ మొదట డి.జె. కీమర్, ఆ తర్వాత ఉల్కా ప్రకటనల సంస్థల్లో పనిచేశారు. ఉల్కాలో ఆయన ఆర్ట్ డైరెక్టర్‌గా రెండు దశాబ్దాలకు పైగా ఉన్నారు. వాణిజ్య చిహ్నాలు గీస్తూనే దేవనాగరి కాలిగ్రఫీపై, భారతీయ లిపుల నిర్మాణంపై అధ్యయనం సాగించారు. ఆ అధ్యయనానికి ప్రకటనల సంస్థలో జీతం ఉండదు. అక్కడ గడువు వారాల్లో ఉంటుంది. లిపి అధ్యయనానికి పట్టేది ఏళ్లు.

1980లలో ఆయన ఐఐటీ బాంబేలోని డిజైన్ కేంద్రంలో ఆచార్యుడిగా చేరారు. వృత్తిలో మధ్యవయసు దాటాక తీసుకున్న ఆ నిర్ణయంతో ఆయన పని స్వభావమే మారింది. కంప్యూటర్‌లో భారతీయ అక్షరాలు ఎలా కూర్చాలన్న సమస్య అప్పుడే తలెత్తుతోంది. తరువాత ఆయన నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీలో సందర్శక డిజైన్ నిపుణుడిగా ఉన్నారు. ఆ సంస్థే తర్వాతి కాలంలో సీడాక్ ముంబైగా మారింది. విండోస్‌లో వచ్చిన దేవనాగరి ఫాంటు ‘మంగళ్’ ఆయన రూపొందించినదే. విండోస్ ఎక్స్‌పీతో తెలుగు పాఠకులకు పరిచయమైన ‘గౌతమి’ కూడా ఆయన నిర్దేశంలో తయారైంది. తెలుగులో తొలి ఈమెయిలు, తొలి వెబ్ పేజీ గౌతమిలోనే చదివినవారు ఎందరో ఉన్నారు. దాని వెనుక ఒక మరాఠీ ఆచార్యుడు ఉన్నారని వారిలో ఎంతమందికి తెలుసునన్నది వేరే విషయం.

ఇలాంటి పనికి అంత సమయం ఎందుకు పడుతుందో లిపి నిర్మాణం చూస్తే అర్థమవుతుంది. ఇంగ్లిషుకు పెద్ద, చిన్న అక్షరాలు కలిపి 52. వాటికి అంకెలు, విరామ చిహ్నాలు చేరుతాయి. తెలుగులో ఒక్కో హల్లుకు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం చేరుతూ రూపం మారుతుంది. ఓత్వం ‘కో’లో అక్షరం తలపై కూర్చుంటే ‘మో’లో కుడిపక్కకు సాగుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ఒకే అక్షరానికి రెండు వత్తులు ఇమడాలి. ఆ వత్తులు కింది వరుసలోని గుడికి తగలకుండా చూడాలంటే వరుసల మధ్య ఎడం కూడా డిజైనరే ఆలోచించాలి. అలా ఒక సాధారణ తెలుగు ఫాంటుకు కొన్ని వందల రూపాలు గీయవలసి వస్తుంది. గీయడంతోనూ పని ముగియదు. సినిమా పోస్టరుపై ముచ్చటగా కనిపించే అక్షరం ఫోను తెరపై చిన్న పరిమాణంలో ముద్దగా తయారవుతుంది. కనుక ప్రతి రూపాన్నీ వేర్వేరు పరిమాణాల్లో పరీక్షించాలి.

ఉచితం వెనుక ఉన్న ఖర్చు

ఇంత శ్రమకు డబ్బు ఎవరు చెల్లిస్తారు? పత్రికలు తమ సొంత అవసరానికి ఫాంట్లు చేయించుకోవడం ఒక దారి. ప్రచురణ సంస్థలు చేయించుకోవడం మరొకటి. 2015లో తొలి సంపుటాలు విడుదల చేసిన మూర్తి క్లాసికల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తన పుస్తకాల కోసం భారతీయ లిపుల్లో కొత్త ఫాంట్లు తయారుచేయించింది. ఆ తొలి విడతలోనే అల్లసాని పెద్దన మనుచరిత్ర ఉంది. ఇలాంటి అవకాశాలు ఎప్పుడో గాని రావు.

విడివిడిగా ఫాంట్లు కొనే అలవాటు తెలుగునాట బలపడలేదు. అందువల్ల మూడో దారి ముఖ్యమైంది. ఎవరో ముందే ఖర్చు భరించి, ఫాంటును అందరికీ ఉచితంగా ఇచ్చే పద్ధతి అది. ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర ద్వారా రామభద్ర, మల్లన్న, ధూర్జటి, గురజాడ, గిడుగు, సురవరం, మండలి వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పురుషోత్తమ్ కుమార్ గుత్తుల పని. కవుల పేర్లు, భాషోద్యమకారుల పేర్లు పెట్టుకున్న ఆ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో చేరిన తర్వాత వెబ్‌సైట్లలోకి, పెళ్లి శుభలేఖల్లోకి, ఫ్లెక్సీల పైకి చేరాయి. ముంబైకి చెందిన ‘ఏక్ టైప్’ బృందం వివిధ భారతీయ లిపుల్లో చేసిన ‘బాలూ’ కుటుంబంలో తెలుగు సభ్యుడి పేరు ‘బాలూ తమ్ముడు’. ఆ బృందంలోని గిరీష్ దాల్వీ ఐఐటీ బాంబే డిజైన్ విభాగంలో అధ్యాపకుడు కూడా. జోషీ నడిచిన బాట మరో తరంలోనూ కొనసాగుతోందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ఉచిత ఫాంటుతో ఒక చిక్కు ఉంది. వాడేవారికి ఖర్చు లేదు. గీసినవారికి మొదటి మొత్తం తర్వాత రాబడీ లేదు. ఏదైనా సంయుక్తాక్షరం తప్పుగా వస్తోందని పదేళ్ల తర్వాత ఫిర్యాదు అందితే దాన్ని సరిచేసే బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉండదు.

పోటీలు, బహుమతులు

రూపాయి చిహ్నం కథ మరో కోణాన్ని చూపుతుంది. 2009లో కేంద్ర ప్రభుత్వం బహిరంగ పోటీ ప్రకటించగా మూడు వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. పాల్గొనడానికి 500 రూపాయల రుసుము, విజేతకు 2.5 లక్షల రూపాయల బహుమతి. గెలిచిన రూపంపై హక్కులు ప్రభుత్వానివే. 2010 జులై 15న మంత్రివర్గం డి. ఉదయకుమార్ గీసిన చిహ్నాన్ని ఆమోదించింది. అప్పుడు ఆయన ఐఐటీ బాంబేలో తమిళ లిపిపై పరిశోధన చేసి, ఐఐటీ గువాహటిలో అధ్యాపకుడిగా చేరబోతున్నారు. చిహ్నం ఆయనకు పేరు తెచ్చింది. జీవనాధారం మాత్రం బోధనే అయింది. మిగిలిన మూడు వేల చిల్లర ఎంట్రీల్లో దాదాపు అన్నిటి వెనుక ఉన్న శ్రమకు ప్రతిఫలం లేదు. జీతం భరోసా ఉన్నవారికి పోటీ ఒక ప్రయత్నం. ఆ భరోసా లేనివారికి అది వేతనం లేని పని. డిజైనర్ల సంఘాలు పలు దేశాల్లో ఇలాంటి బహిరంగ పోటీలను వ్యతిరేకించడానికి ఇదే కారణం.

అధ్యాపక పదవి లేకుండా

అందరూ విద్యాసంస్థలనే ఆశ్రయించలేదు. న్యాయశాస్త్రం చదివిన బాపు (1933–2014) ఆ వృత్తిలోకి వెళ్లక పత్రికల బొమ్మలు, పుస్తకాల ముఖచిత్రాలు, ప్రకటనలు, కార్టూన్లు, 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టి సినిమాలు, ఇలా అనేక పాయల్లో పని నడిపారు. ఒక పాయలో నీళ్లు తగ్గితే మరొకటి ఆదుకునేది. ఆయన చేతిరాత తర్వాత ఫాంటు రూపం కూడా దాల్చింది. ఆయన కూడా బోధనకు పూర్తిగా దూరంగా లేరు. ముళ్లపూడి వెంకట రమణతో కలిసి బడిపిల్లలకు వీడియో పాఠాలు రూపొందించారు. అయితే బాపు మార్గాన్ని అందరికీ నమూనాగా చూపడం సరికాదు. వారపత్రికలు లక్షల ఇళ్లకు చేరిన కాలం ఆయనకు దొరికింది. ఇప్పటి చిత్రకారులకు ఆ మార్కెట్ లేదు.

శ్రీకాళహస్తి కలంకారీ విషయంలో బోధన మరింత మౌలికమైన పాత్ర పోషించింది. కలంతో వస్త్రంపై పురాణగాథలు చిత్రించే ఆ కళ క్షీణిస్తున్న దశలో, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఏర్పడింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో గురువు. ఆయన కుమారుడు గురప్పశెట్టి బడిపంతులుగా పనిచేసి, తర్వాత పూర్తికాలం కలంకారీకి అంకితమయ్యారు. 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఇక్కడ గురువుకు దొరికిన జీతం ఒక వ్యక్తితో పాటు ఒక కళనూ బతికించింది. ఆ కేంద్రం లేకుంటే ఈ రోజు పట్టణంలో కలం పట్టినవారి సంఖ్య ఎంత ఉండేదో ఊహించడం కష్టం కాదు.

హక్కులు ఎవరివి

వృత్తిలో కొనసాగాలంటే తాను చేసిన పనిపై తనకున్న హక్కు ఏమిటో డిజైనర్‌కు తెలిసి ఉండాలి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. హక్కుల బదలాయింపు లిఖితపూర్వకంగా ఉండాలి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అది అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. చాలామంది ఫ్రీలాన్సర్లు చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో ఈ రెండు అంశాలే కీలకం. డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేయదగిన రూపాన్ని నమోదు చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో యాభై సార్లకు మించి ఉత్పత్తి చేస్తే దానిపై కాపీరైట్ పోతుంది. నమోదు చేయిస్తే మొదట పదేళ్లు, పొడిగింపుతో మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. చీర అంచుకు, కుర్చీకి, సీసాకు గీసే నమూనాల విషయంలో ఈ నిబంధన గురించి తెలియక నష్టపోవడం తరచూ జరుగుతుంది.

కొత్త విద్యాలయాలు, కొత్త నియామకాలు

2007లో కేంద్రం జాతీయ డిజైన్ విధానాన్ని ఆమోదించింది. ఆ తర్వాత విద్యాలయాలు పెరిగాయి. ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ 2015లో మొదలైంది. 2019 చట్ట సవరణతో మధ్యప్రదేశ్, హరియాణా, అస్సాం ఎన్‌ఐడీలతో పాటు జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా పొందింది. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. తెలుగు విద్యార్థి ఈ చదువు కోసం అహ్మదాబాద్‌కో ముంబైకో వెళ్లక తప్పని రోజులు పోయాయి.

నియామకాల తీరు కూడా మారుతోంది. పీహెచ్‌డీ లేకపోయినా వృత్తి అనుభవం ఉన్నవారిని తీసుకునేందుకు యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాలు విడుదల చేసింది. కనీసం 15 ఏళ్ల అనుభవం అవసరం. మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించకూడదు. జోషీ వంటివారికి ఒకప్పుడు తెరుచుకున్న తలుపు దీనివల్ల మరింతమందికి తెరుచుకుంటుంది. తేడా ఉన్నది వ్యవధిలో. ఈ నియామకం మామూలుగా మూడేళ్లకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో ఏడాదికి మించదు. బి.డెస్. కోర్సు నాలుగేళ్లది, మొదటి ఏడాది చేర్చుకున్న విద్యార్థి చివరి ప్రాజెక్టు చేసేనాటికి ఆ ఆచార్యుడి గడువు చాలా సందర్భాల్లో ముగిసిపోయి ఉంటుంది.