చెక్కభజన బడి: వలయంలో నిలిచిందెవరు?

రాయలసీమ జానపద కళల మీద రాసిన మన విమర్శకులు పాటను సేకరించారు, భాషను వివరించారు. ఆ పాటనూ అడుగునూ తరం నుండి తరానికి అందించిన బడిని మాత్రం అంతగా పట్టించుకోలేదు. చెక్కభజన చరిత్ర నిజానికి ఆ బడి చరిత్రే.

సామూహిక నృత్యం ఈ నేలకు కొత్త కాదు. శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ఆటపాటలను పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వర్ణించాడు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 1253-54లో నృత్తరత్నావళి రాసి, అందులో సగభాగం దేశి నృత్తాలకే కేటాయించాడు. ఆడినవాళ్లు అలా గ్రంథాలకెక్కారు. పల్లెలో వాళ్లకు అడుగు నేర్పినవాడు ఎక్కలేదు.

కర్నూలు, కడప పల్లెల్లో ఆ నేర్పేవాడు చాలాసార్లు పొరుగూరి నుండి వచ్చిన గురువు. పంట ఇంటికి చేరి పని తెరిపిచ్చిన నెలల్లో ఊరు చందా వేసుకుని అతణ్ణి పిలుచుకుంటుంది. రాత్రి అన్నాలయ్యాక రామాలయం ముందు పాఠం. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు. గురువు నడుమ నిలిచి తాళం వేస్తూ చరణం ఎత్తుకుంటే వలయం అందుకుంటుంది. పదేళ్ల పిల్లవాడూ నలభై ఏళ్ల సేద్యగాడూ ఒకే వలయంలో నేర్చుకుంటారు. అడుగు మొదట నిదానం, కుదిరాక వేగం. ఓనమాలు రానివాడికి కూడా రామాయణ ఘట్టాలు నోటికి వచ్చేది ఇక్కడే. చివర గజ్జెపూజ చేసి గురువుకు బట్టలు పెడతారు.

ఇంతవరకు మెచ్చుకుని ఆగిపోతే అది సగం నిజమే అవుతుంది. ఆ వలయం గీసింది గుడి ముందు. గుడి ముందుకు రానివ్వని మాల మాదిగలకు అందులో చోటేది? వాళ్లు తమ వాడల్లో తమ భజనలు తామే నిలుపుకున్నారు. ఆడవాళ్లు చాలాకాలం అరుగుల మీద ప్రేక్షకులుగానే ఉండిపోయారు. ఈనాడు తిరుమల బ్రహ్మోత్సవాల్లో స్త్రీల కోలాట బృందాలు ఆడుతున్నాయి. అది మంచి మార్పే. అయితే అడుగుపెట్టే హక్కు వచ్చినంత మాత్రాన పాటను ఎంచుకునే హక్కు వచ్చినట్టు కాదు.

1943లో పుట్టిన ప్రజానాట్యమండలి జానపద రూపాల్లో కొత్త వస్తువు నింపింది. బుర్రకథ నాజర్ చేతిలో ఆయుధమైంది. ఆ కృషిని గౌరవిస్తూనే ఒక మాట అనాలి. ఏం పాడుతున్నారన్నదాని మీద పెట్టినంత దృష్టి ఎవరు నేర్పుతున్నారు, ఎవరికి నేర్పుతున్నారు అన్నదాని మీద మనం పెట్టలేదు.

నేడు ఈ బడికి పెద్ద శత్రువు సినిమా అనడం పరిపాటి. నాకు కనిపించే శత్రువు కరువు. ఆదోని, పత్తికొండ ప్రాంతాల్లో వానలు తప్పిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరపకోతలకు సుగ్గికి పోతాయి. ఇంటికి తాళం పడితే గురువును పిలిచేదెవరు? వలసపోయిన జాతులు తమ నృత్యాన్ని నిలుపుకోలేవని కాదు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో స్థిరపడిన గ్రీకులు సంఘాల ఇళ్లలో, చర్చి హాళ్లలో తమ వలయ నృత్యాలను పిల్లలకూ పెద్దలకూ నేర్పుకుంటున్నారు. వాళ్లకు నిలిచే చోటూ, తీరికా ఉన్నాయి. చేను పక్క గుడారంలో తలదాచుకునే సుగ్గి కూలీకి ఆ రెండూ లేవు.

కనుక కళను కాపాడాలనేవాళ్లు మొదట పనినీ నీళ్లనూ అడగాలి. పల్లె బడిలో సాయంత్రం ఒక గంట, వాడల్లోని గురువులకూ చోటిచ్చే జీతం, ఆడపిల్లలకు కూడా చెక్కలు: ఇవి గొంతెమ్మ కోరికలు కావు. వీటిని అడగకుండా ఉత్సవ వేదికల మీద నలుగురు కళాకారులకు శాలువాలు కప్పితే బడి బతకదు.