ట్రాక్టరు విడదీత: గోదావరి డెల్టాలో క్లచ్, ఫ్లైవీల్ మరమ్మతు

ట్రాక్టరు ఇంజను భాగాన్ని, దాని వెనకనున్న గేరుబాక్సు, ఇరుసు భాగాన్ని కలిపి ఉంచే బోల్టులు విప్పి, బండిని రెండు సగాలుగా ఎడంగా జరిపి, మధ్యలో దాగి ఉన్న క్లచ్‌నూ ఫ్లైవీల్‌నూ బయటపెట్టే మరమ్మతు పద్ధతిని ట్రాక్టరు విడదీత అంటారు. లారీకి ఉన్నట్టు సాధారణ వ్యవసాయ ట్రాక్టరుకు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజను దిమ్మె, క్లచ్ హౌసింగు, గేరుబాక్సు, వెనక ఇరుసు పెట్టె అనే పోత ఇనుప భాగాలే ఒకదానికొకటి బిగిసి బండి బరువు మోస్తాయి కనుక, లారీలో గేరుబాక్సు ఒక్కటి దించితే సాగిపోయే క్లచ్ పని ఇక్కడ బండిని నడుము దగ్గర విడదీస్తే తప్ప సాగదు.

ఛాసిస్ లేని ఈ నిర్మాణానికి ఆద్యులెవరన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. 1913లో అమెరికాలో వచ్చిన వాలిస్ కబ్‌ను కొందరు చరిత్రకారులు మొదటిదిగా చెబితే, 1917లో పెద్ద ఎత్తున తయారీ మొదలైన ఫోర్డ్‌సన్‌ను మరికొందరు చెబుతారు. వాలిస్ బండికి వంచిన ఉక్కు రేకే ఒడలుగా ఉండగా, ఫోర్డ్‌సన్‌లో పోత భాగాలను బోల్టులతో బిగించారు. మరమ్మతు దృష్టితో చూస్తే నేటి విడదీతకు మూలం ఫోర్డ్‌సనే అనుకోవడం సమంజసం. 1946 నుంచి 1956 వరకు ఇంగ్లండులో తయారైన ఫెర్గూసన్ టీఈ-20, తర్వాతి మాసీ ఫెర్గూసన్ 35 ఇదే బాటలో నడిచాయి.

భారతదేశంలో ట్రాక్టర్ల తయారీ ఎప్పుడు మొదలైందన్నదానికి ఐషర్ సంస్థను ఆధారంగా తీసుకుని కొన్ని గ్రంథాలు 1959ని, కొన్ని 1960ని లెక్కలోకి తీసుకుంటాయి. మద్రాసులో టాఫే 1960లో, మహీంద్రా వారి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ 1963లో ఏర్పడ్డాయి. మాసీ 35 వంశానికి చెందిన 1035, మహీంద్రా బి-275 వంటివి పాత బండ్ల మరమ్మతు ప్రస్తావనలో తరచుగా వినిపించే పేర్లు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి కాలువ నీరు స్థిరపడిన గోదావరి డెల్టాలో వరి ప్రధానంగా సార్వా, దాళ్వా అనే రెండు కారుల్లో పండుతుంది. ఊడ్పులకు ముందు చేలో నీరు నిలిపి, ట్రాక్టరుకు ఇనుప చక్రాలు కట్టి మట్టిని బురదగా కలిపే దమ్ము పని క్లచ్‌కు గట్టి పరీక్ష. ఒండ్రు బంకమట్టిలో చక్రం కూరుకుపోయినప్పుడూ, గట్టు దగ్గర బండి తిప్పిన ప్రతిసారీ డ్రైవరు పెడల్‌ను సగం నొక్కి ఉంచుతాడు. దీన్నే హాఫ్ క్లచ్ అంటారు. ఆ స్థితిలో క్లచ్ ప్లేటు పూర్తిగా పట్టకా వదలకా రాసుకుంటూ వేడెక్కుతుంది. ఇసుక ర్యాంపుల్లో నిండు ట్రక్కుతో గట్టెక్కే బండ్లకూ ఇదే గతి.

డెల్టాలో క్లచ్ త్వరగా పోవడానికి బురదనీరు లోపలికి చేరడమే కారణమని ఒక వాదన, హాఫ్ క్లచ్ అలవాటే కారణమని మరొక వాదన ఉన్నాయి. విప్పి చూసినప్పుడు తుప్పు, మట్టి గీతలు కనిపిస్తే మొదటిదాన్ని, ఫ్లైవీల్ ముఖం మీద నీలిరంగు మచ్చలు, సన్నని నెర్రెలు కనిపిస్తే రెండోదాన్ని అనుమానించాలి. నీలిమచ్చ అతివేడికి గుర్తు గనుక, అది ఉన్నచోట నేరం బురద మీద మోపడం కుదరదు.

విడదీయక ముందే హౌసింగు అడుగున ఉండే చిన్న రంధ్రాన్ని పరిశీలించాలి. కారిన నూనె బయటికి పోవడానికి చేసిన ఈ రంధ్రంలో చాలా మోడళ్లకు ఒక స్ప్లిట్ పిన్ను వదులుగా వేలాడుతూ, కదలికతో దారి మూసుకుపోకుండా చూస్తుంది. దమ్ము బురద గట్టిపడి ఈ దారి మూసుకుపోతే నూనె లోపలే చేరి ప్లేటును తడుపుతుంది. పిన్ను తీసినప్పుడు నల్లని పలుచని నూనె కారితే క్రాంకు షాఫ్టు వెనక సీలు, ఘాటైన వాసనతో చిక్కని నూనె కారితే గేరుబాక్సు ముందు సీలు పోయిందని ఊహించవచ్చు. ఈ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అది కూడా తడిసి జారడం మొదలుపెడుతుంది.

విడదీతకు అనువైన కాలం కాలువలు కట్టేసే వేసవి. బండిని చదునైన చప్టా మీద నిలిపి, బ్యాటరీ తీగ ముందుగా విప్పి, బానెట్టు, డీజిలు గొట్టాలు, వైర్లు, యాక్సిలరేటరు కడ్డీ, స్టీరింగు లంకెలు ఒక్కొక్కటిగా వేరుచేయాలి. ముందు ఇరుసు మధ్య పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా ఉంటుంది. గేరుబాక్సు ఆసరా తొలగగానే ఇంజను ఒక పక్కకు ఒరిగే ప్రమాదముంది కనుక, ఇరుసుకూ దాని పై దిమ్మెకూ మధ్య రెండు వైపులా గట్టి చెక్క మేకులు దిగగొట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త విస్మరించడం ప్రాణాంతకం కాగలదు. తర్వాత రెండు సగాల కిందా వేర్వేరుగా స్టాండ్లు అమర్చి, బోల్టులు విప్పి, ఒక సగాన్ని సూటిగా వెనక్కి దొర్లిస్తారు. జాకీ ఒక్కదాని మీద భారం వదిలి మధ్యలోకి చేతులు పెట్టకూడదు. పాత ప్లేట్ల లైనింగులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అందువల్ల హౌసింగులోని పొడిని గాలి కొట్టి లేపకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఫ్లైవీల్ ముఖం గీతలు పడితే లేత్ మీద చదును చేయిస్తారు. ప్రెషర్ ప్లేటు కూర్చునే అంచు, రాపిడి ముఖం వేర్వేరు ఎత్తుల్లో ఉన్న చోట రెండింటినీ సమానంగా కోయించాలి. లేదంటే స్ప్రింగుల ఒత్తిడి మారుతుంది. ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగు పళ్లు అంతటా ఒకేలా అరగవు. ఆగబోయే ఇంజను కంప్రెషన్ దగ్గర నిలిచిపోతుంది కనుక స్టార్టరు పన్ను ఎప్పుడూ దాదాపు అవే చోట్ల తగులుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనుకు రెండు చోట్ల, మూడు సిలిండర్లదానికి మూడు చోట్ల అరుగుదల కనిపించడానికి కారణమిదే. అరిగిన రింగును ఊడదీసి, కొత్తదాన్ని లేత పసుపు రంగు తేలేదాకా సమంగా వేడిచేసి, చల్లని ఫ్లైవీల్ మీద కూర్చోబెడితే చల్లారుతూ బిగుసుకుంటుంది. ఎర్రగా కాలిస్తే పళ్ల గట్టిదనం పోతుంది.

రెండు దశల క్లచ్ ఉన్న బండ్లలో పెడల్ సగం నొక్కితే బండి, పూర్తిగా నొక్కితే రోటావేటరు వంటి యంత్రాలను తిప్పే పీటీఓ షాఫ్టు కూడా ఆగుతాయి. వీటిలో రిలీజ్ బేరింగు తాకే మూడు ఫింగర్ల ఎత్తు సమానంగా కుదరకపోతే క్లచ్ అదురుతుంది. కలిపేటప్పుడు ప్లేటును పైలట్ బేరింగు సూటికి నిలపడానికి పాత షాఫ్టు ముక్కను వాడతారు. సగాలు దగ్గరికి రాకపోతే బోల్టులు బిగించి లాగడం పెద్ద తప్పు. అలా చేస్తే ప్లేటు మధ్య భాగం వంగిపోతుంది. ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పుతూ ప్లేటు, షాఫ్టు గాళ్లు కలిసేదాకా ఓపిక పట్టాలి.

ప్లేటు ఒక్కటే మార్చి రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, సీళ్లు పాతవే వదిలేసిన పనిని పూర్తి మరమ్మతుగా పరిగణించలేము. వాటిలో ఏది పోయినా బండిని మళ్లీ విడదీయక తప్పదు. కొత్త ప్లేటు వేసిన బండిని వెంటనే దమ్ముకు దింపకుండా, ముందు తేలికపాటి పనులకు వాడి, పెడల్ ఆటను (ఖాళీ కదలికను) మరోసారి సరిచూడాలి.