పలక ఎత్తి చూపించిన పిల్ల

"సార్, అయిపోయింది" అని అందరికన్నా ముందు పలక ఎత్తే పిల్లో పిల్లవాడో ప్రతి ఏడాదీ ఒకరుండేవారు. ఆదోని దగ్గర పల్లెలో ఐదు తరగతులకూ నేనొక్కణ్ణే అయ్యవారిని. మిగతావాళ్లు రెండో లెక్కలో ఉంటే వీళ్లకేం చెప్పాలి? మొదట్లో "కూర్చో, ఇంకోసారి చూసుకో" అనేవాణ్ణి. అలా కూర్చోబెట్టినందుకు ఇప్పటికీ బాధపడతాను.

తర్వాత బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ నివేదిక చదివాను. ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలోనిదే. మద్రాసు గవర్నర్ మన్రో బడుల లెక్క తీయమంటే, తెలుగు వ్యాకరణం కూడా రాసిన ఈ కలెక్టరు 1823 ఆగస్టులో జవాబు పంపాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. ఆ అరవై దగ్గర నాకు మనసు చివుక్కుమంది.

ఆ బడుల్లో పొద్దున అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన ఒక్కొక్కటే పెరిగేవి. బడిలో మామూలుగా నాలుగు తరగతులు. పై తరగతికి పంపడానికి పిల్లవాడి శక్తినీ, చదువెంతవరకు వచ్చిందనేదాన్నీ చూసేవారు. కింది తరగతుల వాళ్లకు ముందున్న పిల్లలు నేర్పేవారు. పై తరగతులను మాత్రం అయ్యవారు తన చేతుల్లోనే ఉంచుకునేవారు. చిన్నవాళ్లకు చెప్పే పిల్లవాడికి చెప్పేవాడూ ఒకడున్నాడన్నమాట! పద్యాలను అర్థం తెలియకుండా వల్లెవేయిస్తున్నారని క్యాంబెల్ తప్పుపట్టాడు, అది న్యాయమే. పిల్లలు పిల్లలకు నేర్పే ఏర్పాటును మాత్రం మెచ్చుకున్నాడు.

అప్పటికే ఆ ఏర్పాటు సముద్రం దాటింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల అనాథాశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. ఎనిమిదేళ్ల ఫ్రిస్కెన్ అనే కుర్రాడి చేత చిన్నవాళ్లకు అలాగే నేర్పించాడు. 1797లో దానిమీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది 'మద్రాసు పద్ధతి' అయింది. ఒక్క గురువుతో వందలమందికి చదువు చెప్పించవచ్చన్న చవకదనమే అక్కడ అందరికీ నచ్చింది. ముందున్న పిల్లవాణ్ణి ఇంకా ముందుకు నడిపించడం వెనకబడిపోయిందని నా అభిప్రాయం.

అందుకే నేను, ముందుగా పలక ఎత్తే మూడో తరగతి పిల్ల ఒకతెను లెక్కల వేళకు ఐదో తరగతిలో కూర్చోబెట్టాను. పొద్దున అరగంట ఒకటో తరగతివాళ్లకు అంకెలు దిద్దించమన్నాను. నాలుగో రోజున నా దగ్గరికి వచ్చింది.

"సార్, పదిలో సున్న ఎందుకని ఒకడు అడుగుతున్నాడు. నాకూ తెలీదు."

చింతగింజలు తెప్పించాను. ఇంటి గంట కొట్టినా ఆ పిల్ల లేవలేదు. పదేసి కుప్పలు పోస్తూ, పది కుప్పలు ఒకచోటికి చేరాక ఏం రాయాలో తనకు తానే గొణుక్కుంటూ ఉంది.