వర్షమాపక చరిత్ర: పాత్రలో చేరిన నీరు, నేలపై కురిసిన వాన

వ్యాససంగ్రహం

వర్షమాపకం చూడడానికి అతి సరళమైన పరికరం. అయినా పాత్రలో చేరిన నీరు నేలపై కురిసిన వానకు సమానమేనా అన్న ప్రశ్న శతాబ్దాల పాటు పరిశీలకులను వేధించింది. ఆ ప్రశ్న ఎలా తలెత్తింది, గాలి ప్రభావం ఎలా గుర్తింపు పొందింది, మంచును నీటి రూపంలో లెక్కించే పద్ధతులు ఎలా ఏర్పడ్డాయి, తమ ఇళ్లవద్దనే కొలతలు తీసిన పరిశీలకుల పాత్ర ఏమిటి అన్న అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: వర్షమాపకం, వర్షపాతం, హిమపాతం, నీటి తుల్యత, గృహ వాతావరణ కేంద్రం.

1. ఉపోద్ఘాతం

వాన ఎంత కురిసిందో చెప్పడానికి తెలుగు రైతుకు తనదైన కొలమానం ఉంది. దుక్కికి చాలినంత తడి నేలలోకి దిగితే దానిని పదును అంటారు. ఇది సేద్యానికి అక్కరకు వచ్చే కొలమానమే గాని, ఒక ఊరి వానను మరొక ఊరి వానతో పోల్చడానికి చాలదు. ఎర్రనేలలో దిగినంత తడి నల్లరేగడిలో దిగదు. ఎండిన చేను, నిన్న తడిసిన చేను ఒకే వానను ఒకే విధంగా పీల్చుకోవు. నేల స్వభావంతో నిమిత్తం లేని కొలత కావాలంటే, నిర్ణీతమైన నోరు గల పాత్రలో వాననీటిని పట్టి దాని లోతును కొలవాలి. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. సూత్రం ఇంతే. అయితే ఆ పాత్ర ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తున ఉండాలి, నీటికి బదులు మంచు పడితే ఏమి చేయాలి అన్న ప్రశ్నలే వర్షమాపక చరిత్రను ముందుకు నడిపించాయి.

2. ప్రాచీన, మధ్యయుగ ప్రస్తావనలు

కౌటిల్యుని అర్థశాస్త్రం కోష్ఠాగారంలో అరత్ని వెడల్పు నోరు గల పాత్రను వర్షమానంగా ఉంచాలని నిర్దేశించింది. సేద్య పర్యవేక్షకుడైన సీతాధ్యక్షుని విధులను చెప్పే సందర్భంలో ప్రాంతాలవారీగా వర్షపాతాన్ని కూడా పేర్కొన్నది. జాంగల ప్రాంతానికి 16 ద్రోణాలు, అనూప ప్రాంతానికి దానికి ఒకటిన్నర రెట్లు, అశ్మకానికి 13½ ద్రోణాలు, అవంతికి 23 ద్రోణాలు అన్నవి ఆ సంఖ్యలు. అశ్మకం గోదావరీ తీర జనపదం. నేటి నిజామాబాద్ జిల్లాలోని బోధన్‌ను దాని రాజధానిగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. ఆ విధంగా తెలుగునేలతో ముడిపడిన అతి ప్రాచీన వర్షపాత సంఖ్యలలో దీనిని ఒకటిగా భావించవచ్చు. అయితే ద్రోణ పరిమాణంపై ఏకాభిప్రాయం లేనందున ఈ అంకెలను మిల్లీమీటర్లలోకి మార్చి నేటి సగటులతో పోల్చడం యుక్తం కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో హస్తప్రమాణం గల పాత్రను చెప్పి, అందులో చేరిన నీటిని 50 పలాల ఆఢకంతో కొలవాలన్నాడు.

కొరియాలో సెజోంగ్ రాజు కాలంలో, 1441-42 సంవత్సరాలలో, చుగుగి అనే వర్షమాపకం రూపొందింది. అంతకుముందు అక్కడ కూడా తడి నేలలో ఎంత లోతుకు దిగిందో చూసి వానను అంచనా వేసేవారు. నేల పొడిగా ఉన్నప్పుడు ఒక విధంగా, తడిగా ఉన్నప్పుడు మరొక విధంగా తేడా రావడం వల్లనే ఒకే కొలతలు గల పాత్రలను స్థానిక పాలనా కేంద్రాలకు పంపారు. పదునుకూ కొలతకూ గల అంతరాన్ని రాజ్యం అధికారికంగా గుర్తించిన సందర్భమిది.

3. ఎత్తు పెరిగితే వాన తగ్గుతుందా?

ఇంగ్లండులోని లాంకషైర్‌లో రిచర్డ్ టౌన్‌లీ 1677 నుండి తన ఇంటివద్దనే వర్షపాతాన్ని నమోదు చేశాడు. ఇంటి కప్పుపై గరాటను అమర్చి, సీసపు గొట్టం ద్వారా నీటిని తన గదిలోకి తెచ్చుకుని కొలిచేవాడు. ఈ అమరిక సౌకర్యవంతమైనదే గాని, దానిలోని లోపం తొంభై ఏళ్ల తరువాత గాని స్పష్టపడలేదు.

1769లో వైద్యుడు విలియం హెబర్డెన్ ప్రకటించిన ప్రయోగం ఇందుకు కీలకం. ఆయన లండనులో మూడు ఎత్తులలో వర్షమాపకాలను ఉంచాడు. 1766 జూలై నుండి ఒక సంవత్సర కాలంలో నేలకు దగ్గరగా ఉన్న పాత్రలో 22.608 అంగుళాలు, ఇంటి కప్పుపై 18.139 అంగుళాలు, వెస్ట్‌మినిస్టర్ ఆబీ గోపురంపై 12.099 అంగుళాలు నమోదయ్యాయి. గోపురంపై పడినది నేలపై పడినదానిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. ఇందుకు విద్యుత్తు కారణమై ఉండవచ్చునని హెబర్డెన్ ఊహించాడు. చినుకులు కిందికి దిగుతూ గాలిలోని తేమను కలుపుకుని పెరుగుతాయని బెంజమిన్ ఫ్రాంక్లిన్ వివరించాడు.

సరైన వివరణను 1861లో విలియం స్టాన్లీ జెవన్స్ బలంగా నిరూపించాడు. తరువాతి కాలంలో ఆర్థికవేత్తగా ప్రసిద్ధికెక్కినది ఈయనే. గాలికి పాత్ర ఒక అడ్డు. దాని అంచును తాకిన గాలి పైకి మళ్లి వేగం పుంజుకుంటుంది. ఆ వేగంలో చినుకులు పాత్రను దాటి అవతల పడతాయి. ఎత్తుకు పోయినకొద్దీ గాలి బలం హెచ్చుతుంది కనుక లోటు కూడా హెచ్చుతుంది. అంటే తగ్గినది వాన కాదు, పాత్ర పట్టగలిగిన వాటా.

4. ఇంటింటా పరిశీలకులు

జార్జ్ జేమ్స్ సైమన్స్ 1860 సంవత్సరానికి 168 మంది పరిశీలకుల లెక్కలతో ఇంగ్లండు వర్షపాత నివేదికను సిద్ధం చేశాడు. 1900లో ఆయన మరణించేనాటికి ఆ పరిశీలకుల సంఖ్య 3,000 దాటింది. వారిలో అధికులు మతాచార్యులు, వైద్యులు, భూస్వాములు వంటి స్వచ్ఛంద పరిశీలకులు. పాత్ర పరిమాణం, ఎత్తులపై జరిగిన పోలికల ఫలితంగా 5 అంగుళాల నోరు, నేలకు ఒక అడుగు ఎత్తు అన్న ప్రమాణం స్థిరపడింది. 127 మి.మీ. నోటితో, సుమారు 30 సెం.మీ. ఎత్తున ఉండే సైమన్స్ వర్షమాపకం భారతదేశంలోనూ ప్రామాణికమైంది. ఇక్కడ ఉదయం 8.30 గంటలకు రీడింగు తీసే ఆనవాయితీ నేటికీ కొనసాగుతున్నది.

తెలుగునాట కూడా ఇటువంటి గృహ సంప్రదాయం ఉంది. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద అభ్యసించిన గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణంలోని తన నివాసంలో సొంత వేధశాలను నెలకొల్పాడు. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నిర్వహించాడు. ఖగోళ పరిశీలనలతో పాటు వాతావరణ పరిశీలనలు కూడా అక్కడ సాగాయి.

5. మంచును నీటిగా లెక్కించడం

వానచినుకు కంటే మంచుపొర తేలికైనది. కనుక గాలికి తొందరగా దారి తప్పుతుంది. బలమైన గాలిలో రక్షణ లేని పాత్ర మంచులో సగానికి పైగా కోల్పోవచ్చు. 1878 ప్రాంతంలో ఫ్రాన్సిస్ నైఫర్, 1937లో జె. సెసిల్ ఆల్టర్ రూపొందించిన గాలి కవచాలు ఈ లోటును తగ్గించడానికి ఉద్దేశించినవే.

మంచు లోతు తెలిసినంత మాత్రాన నీరు ఎంతో తెలియదు. పది అంగుళాల మంచుకు ఒక అంగుళం నీరు అన్న వాడుక లెక్క స్థూలమైనది. పొడిమంచుకు, తడిమంచుకు నిష్పత్తి ఎంతో మారుతుంది. నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ బోధించిన జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్ 20వ శతాబ్ది తొలి దశకంలో మౌంట్ రోజ్ పర్వతంపై ఈ సమస్యను చేపట్టాడు. బోలు గొట్టాన్ని మంచులోకి దించి, అందులో చిక్కిన మంచును తూచి నీటి తుల్యతను కనుగొన్నాడు. వసంతంలో టాహో సరస్సు మట్టం ఎంత పెరుగుతుందో ముందే అంచనా వేయడానికి ఈ పద్ధతి తోడ్పడింది.

ఇంటివద్ద కొలిచేవారికి మరొక సులభ మార్గముంది. శీతకాలంలో గరాటను, లోపలి గొట్టాన్ని తీసివేసి వెలుపలి పాత్రలో మంచును పట్టాలి. కొలిచిన వెచ్చని నీటిని పోసి కరిగించి, పోసిన నీటిని మొత్తం నుండి తీసివేయాలి. ఉదాహరణకు 200 చదరపు సెం.మీ. నోరు గల పాత్రలో 200 మి.లీ. పోసిన తరువాత మొత్తం 245 మి.లీ. అయితే, మంచు నుండి వచ్చినది 45 మి.లీ. ఆ నోటికి 20 మి.లీ. ఒక మిల్లీమీటరు కనుక అది 2.25 మి.మీ.

6. నేటి గృహ కేంద్రం

నేటి గృహ వాతావరణ కేంద్రాలలో ఎక్కువగా కనిపించే ఒరిగే దొన్నెల యంత్రాంగానికి మూలం 1660లలో క్రిస్టఫర్ రెన్ చేసిన రూపకల్పనలో ఉంది. దొన్నె నిండి ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క నమోదవుతుంది. జడివానలో దొన్నె ఒరిగే క్షణంలో కొంత నీరు లెక్కకు అందదు. మంచు గరాటలో నిలిచి, ఎండ కాసిన రోజున కరిగి, వాన లేని దినానికి వర్షపాతాన్ని చూపుతుంది. వేడిచేసే అమరిక ఉంటే కొంత నీరు ఆవిరైపోతుంది. అందుచేత దొన్నెల యంత్రం వాన వేళను, ఉధృతిని చెప్పడానికి, పక్కన ఉంచిన సాధారణ పాత్ర మొత్తాన్ని సరిచూడడానికి ఉపయోగపడతాయి.

ఈ కొలతల విలువ 1997 జూలై 28న అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఐదుగురిని బలిగొన్న వరదలో తెలిసివచ్చింది. నగరంలో ఒక చోట 350 మి.మీ. మించిన వాన పడగా, కొన్ని కిలోమీటర్ల దూరంలో 50 మి.మీ. కూడా లేదు. ఆ అనుభవం నుండే 1998లో ఇంటింటి పరిశీలకుల కోకోరాస్ వ్యవస్థ పుట్టింది.

7. ముగింపు

మన దేశంలో 2007 నుండి అమలవుతున్న వాతావరణాధారిత పంటల బీమాలో పరిహారం నిర్దేశిత కేంద్రపు వర్షపాత సంఖ్యపై ఆధారపడుతుంది. చెట్టు నీడనో, కప్పుపైనో ఉన్న మాపకం తక్కువ చూపినా ఎక్కువ చూపినా ఆ తేడా రైతు చేతికి వచ్చే సొమ్ములో కనబడుతుంది. హెబర్డెన్ మూడు పాత్రలు చెప్పిన సత్యం ఇదే: వర్షపాత సంఖ్యకు పరికరం, ఎత్తు, స్థలం, గాలి అనే సందర్భం విడదీయరానిది. పాత వర్షపాత పట్టికలను ఆధారంగా తీసుకునే చరిత్ర, ఆర్థిక, వ్యవసాయ పరిశోధకులు అంకెలతో పాటు మాపకం ఎప్పుడు మారింది, ఎక్కడికి మారింది అన్న వివరాలను కూడా సేకరించాలి. అవి లేనిచోట ఒక దశాబ్దపు వానలు తగ్గాయని తేల్చడం, గోపురంపై పాత్రను చూసి లండనులో వాన సగమే కురిసిందని చెప్పడం వంటిదే అవుతుంది.