మెట్టినింటి మిరపకాయ

మిరపకాయ మనది కాదంటే ఏ తెలుగు ఇల్లాలు ఒప్పుకుంటుంది చెప్పండి? ఒప్పుకోకపోయినా నిజం నిజమే. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ బయల్దేరింది మిరియాల్లాంటి సుగంధద్రవ్యాల కోసం, ఎదురైంది మిరప. ఆ తర్వాత అది పోర్చుగీసు ఓడలెక్కి మన పడమటి తీరంలో దిగింది. అంతకుముందు మన వంటింట్లో కారమంటే మిరియాలే. శ్రీనాథ మహాకవి ఎంతటి భోగి అయినా, పాపం, ఎండుమిరపకాయ పోపు ఘాటు ఎరగడు!

వచ్చిన కొత్తకోడలు పెద్దకోడలి చేతిలోని తాళంచెవులు అందుకున్నట్టు, మిరప వచ్చి మిరియాన్ని పోపులపెట్టెలో ఓ మూలకు నెట్టింది. ఎందుకంటారా? మిరియపు తీగకు మలబారు వానలు, నీడ కావాలి. మిరపకు పెరటి మట్టి, కాస్త ఎండ చాలు. కొనుక్కోవలసిన కారం కాస్తా గింజ వేస్తే మొలిచే కారమయింది. ఆ గింజ చేతులు మారుతూ దేశమంతా పాకింది.

ఈ కోడళ్ళలోకెల్లా గయ్యాళి ఈశాన్యంలో ఉంది. పేరు భూత్ జొలోకియా. అస్సాం, నాగాలాండ్ ఆడవాళ్ళకు అది ఎప్పటినుంచో పెరటి మొక్కే. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్, మిరపసారాన్ని పంచదార నీళ్ళతో నాలుకకు మంట తెలియనంత వరకు పలచన చేసి కారం కొలిచే పద్ధతి చెప్పాడు. ఆయన పేరిటి లెక్కలో మన గుంటూరు కాయ వేలల్లోనే ఆగిపోతే, జొలోకియా పది లక్షలు దాటిందని 2007లో గిన్నిస్ వారు రాసుకున్నారు. ప్రపంచానికి అది వింత. ఆ ఇల్లాళ్ళకు రోజూ చేసుకునే పచ్చడి!

ఆ పైన పోటీలు పెరిగాయి. 2023లో దాదాపు 27 లక్షలతో పెప్పర్ ఎక్స్ వచ్చింది. దాని గింజలు మాత్రం అమ్మనన్నాడు పండించిన ఎడ్ కరీ. ఏళ్ళ తరబడి పడ్డ కష్టం గదా, ఆయన్ని తప్పుపట్టను. కానీ మిరప కథ నడిచింది దాచుకోవడంతో కాదు, పంచుకోవడంతో.

మా డాబామీద జొలోకియా గింజలు నాటాను. మన మిరప పదిరోజుల్లో తల ఎత్తితే, ఇది మూడు నాలుగు వారాలు ఓపిక పట్టమంటుంది. వెచ్చదనం ఉండాలి, మట్టి తడారకూడదు. అన్నట్టు, కారం గింజలో పుట్టదు సుమా. గింజను అంటిపెట్టుకున్న తెల్లటి పొరలో పుడుతుంది. అయినా గింజలు తీసేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి, కళ్ళు నులుముకోకూడదు. పక్కన వేరే మిరప ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. కాయ మారదు గాని, గింజ గుణం మారవచ్చు. అందుకే విత్తనానికి ఉంచే కొమ్మకు మొగ్గలప్పుడే పలచటి గుడ్డసంచీ కట్టాలి.

ఇలా గింజ దాచి, ఎండబెట్టి, బూడిదలో కలిపి, కూతురితో అత్తవారింటికి పంపిన అమ్మలెందరో! కొలంబస్ పేరు పాఠాల్లో ఉంది. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మంచి కాయ దొరికితే నాలుగు గింజలు పొట్లం కట్టి పక్కింటికీ ఇవ్వండి. చరిత్ర నడిచేది ఆ పొట్లంలోనే.